రీటా పడుకున్న చోటు

బేతంచెర్ల,
20 జనవరి 1952

మహానందీ,

రైలు గేటు కాడ ఉండే మీ మేనత్త భీమక్క నోటితో చెబుతుంటే, స్టేషన్ పక్కన గుడ్డలు కుట్టే వలి సాహెబ్ రాస్తున్నాడు. నా మాటల్ని బడి భాషలోకి మార్చి రాస్తాడట. మార్చుకోమన్నాను. కోపం మాత్రం మార్చొద్దన్నాను.

నా కొడుకు గిడ్డయ్య కనపడకుండా పోయిన సంగతి నీ చెవిన పడే ఉంటుంది. దసరా పోయిన వారం అది. దేవేంద్రప్ప నాపరాళ్ళ గనిలో వాడు గడారితో రాళ్ళు పెళ్ళగించే పని చేసేవాడు. మధ్యాహ్నం మందు పేల్చే ముందర కేక వేస్తారు, కూలీలంతా తలో దిక్కు తప్పుకుంటారు. ఆ రోజూ తప్పుకున్నారు. మందు పేలింది. దుమ్ము అణిగాక అందరూ తిరిగి వచ్చారు, వీడు రాలేదు. అదే వారం గనిలో రాళ్ళు మోసే ఒకామె బొంబాయి పోయింది. దేవేంద్రప్ప ఆ రెండింటినీ కలిపి ముడేశాడు. "నీ కొడుకు ఆయమ్మి ఎంబడి పోయినాడు, ఇంగ యాడ ఎతుకుతావు లేవ్వా" అని నా ముందరే నవ్వాడు.

నేను నవ్వలేదు. నా కొడుకు ఆ మందు దెబ్బకే పోయాడు. పైనుంచి అధికారులొచ్చి గని మూయిస్తారని భయపడి, దేవేంద్రప్ప వాణ్ణి తూర్పు వైపు చెత్తరాళ్ళ కుప్ప కింద కప్పేశాడు. ఆ కుప్ప మీద రోజూ లారీతో ఇంకా రాళ్ళు పోస్తూనే ఉన్నారు. నా కళ్ళ ముందరే పోస్తున్నారు.

వాడి పెళ్ళాం మద్దమ్మకు ఇప్పుడు ఆరు నెలలు నిండాయి. మొగుడు పారిపోయినదానికి మారుమనువు లేదంటారు కులపెద్దలు. వాడు వచ్చేదాకా కూర్చోవాలట. నేను దినం చేస్తానంటే, బతికున్నవాడికి దినమేమిటని తప్పు పట్టారు. నా కోడలు ముత్తయిదువా కాదు, ముండమోపీ కాదు. పుట్టబోయే బిడ్డను ఊరంతా పారిపోయినవాడి బిడ్డ అంటుంది. ఆ మాట నేను పడనివ్వను.

మొన్న నంద్యాల నుంచి వచ్చినాయన చెప్పాడు, మద్రాసు పోలీసుల దగ్గర దొంగను వాసన పట్టే కుక్కలున్నాయని, వాటిలో ఒకదాన్ని మన మహానందే పట్టుకు తిరుగుతాడని. నువ్వు పోలీసువని తెలుసు గానీ కుక్కల కాపరివని నాకు ఎవరూ చెప్పలేదు. దాన్ని తీసుకుని వచ్చే బండికి రా.

వేలిముద్ర వేశాను, చూసుకో.
భీమక్క


మద్రాసు,
31 జనవరి 1952

అత్తా,

నీ కోపం చెక్కుచెదరకుండా అందింది. వలి సాహెబుకు నా సలాములు.

కుక్క పేరు రీటా. అల్సేషియన్ జాతి. చూస్తే తోడేలు అనుకుంటావు, దగ్గరికి వస్తే మాత్రం మన ఇంటి ఆడపిల్లలా కాళ్ళ దగ్గర కూర్చుంటుంది. దొంగ నిన్నటి రోజు నడిచిన దారిని అది ఈ రోజు పట్టగలదు. ఎండ కాసి, గాలి వీచి, పది మంది తొక్కితే ఆ జాడ పోతుంది. గిడ్డయ్య పోయి నెలలయింది. పైగా అది నా కుక్క కాదు, సర్కారుది. దొర సెలవివ్వనిదే గేటు దాటించలేను.

అయినా నిన్ను కాదనలేను. గిడ్డయ్య కట్టి విడిచిన పంచె ఏదైనా ఉంటే పంపు. రీటాకు వాసన చూపించి ఏమంటుందో చూస్తాను. వాడు ఎక్కడో ఒకచోట క్షేమంగా ఉంటాడు. కూలికి పోయి ఉంటాడు, వస్తాడు. మద్దమ్మకు ధైర్యం చెప్పు.

నీ అల్లుడు
మహానంది


బేతంచెర్ల,
14 ఫిబ్రవరి 1952

మహానందీ,

పంచె పంపుతున్నాను. చవుడు వేసి ఉడకబెట్టి, రెండుసార్లు జాడించి, వలి సాహెబ్ దగ్గర ఇస్త్రీ కూడా చేయించాను. సర్కారు కచేరీకి పోయే గుడ్డ మాసి ఉంటే నీకే గదా నామర్దా.

నువ్వు రాసింది వలి సాహెబ్ చదివాడు. వాడు క్షేమంగా ఉంటాడు అన్న చోట ఆపమన్నాను. ఇంకోసారి చదవమన్నాను. ఇంకోసారి కూడా అదే ఉంది. ఇదే మాట దేవేంద్రప్ప అంటే చీపురు తీసుకున్నాను. నీకు చీపురు మద్రాసుదాకా అందదు.

వాడు బతికుంటే నా దగ్గరికి రాకపోవచ్చు. నేను మంచి మాట ఎరగని మనిషిని. మద్దమ్మను వదిలి ఉండడు. ఆ పిల్ల అలిగి పుట్టింటికి పోతే, జ్వరంతో ఉండి కూడా వెనకాలే పోయినవాడు. అందుకే నా కొడుకు చనిపోయాడంటున్నాను. నీకు అర్థం కాలేదు. నేను బతికినవాణ్ణి వెతకమని అడగలేదు. చచ్చిపోయినవాణ్ణి వెతకమంటున్నాను. నీ కుక్కకు ఆ పని చేతకాదా? చేతకాకపోతే నేర్పు. నాకు మాత్రం పుట్టగానే కాన్పులు చేయడం వచ్చిందా?

ఇక్కడ కరువు గంజి కేంద్రం ముందర వరస పొద్దున్నే మొదలవుతుంది. ఈ ఏడూ వాన లేదు.

భీమక్క


మద్రాసు,
10 మార్చి 1952

అత్తా,

పంచె అందింది. రీటా దాన్ని వాసన చూసి తుమ్మింది. చవుడు తప్ప అందులో గిడ్డయ్య లేడు. ఉతకొద్దని రాయకపోవడం నా తప్పు. అంత తెల్లగా వాడు ఎప్పుడూ కట్టి ఉండడు. ఇక్కడి వాళ్ళు నవ్వారు. నేను దాన్ని మడిచి పెట్టెలో దాచాను.

నీ ఉత్తరంలో ఒక మాట నన్ను నిద్రపోనివ్వలేదు. చచ్చిపోయినవాణ్ణి వెతకమంటున్నాను అన్నావే, అది. మా కుక్కలకు పని నేర్పే లాజరు గారికి చెప్పాను. పట్టాళంలో కుక్కల్ని పెంచి వచ్చిన ముసలాయన. ఆయన చుట్ట వెలిగించాడు. తరువాత చెప్పాడు. యుద్ధంలో ఇంగ్లండులో బాంబులు పడి ఇళ్ళు కూలితే, ఇటుకల కింద ఉన్నవాళ్ళను కుక్కలు చూపించాయట. బతికి ఉన్నవాళ్ళనే కాదు, పోయినవాళ్ళను కూడా.

ఇంకోటి కూడా చెప్పాడు. బతికున్న మనిషికి తన వాసన తనకు వేరే ఉంటుందట, ముఖం ఉన్నట్టు. నీది వేరు, నాది వేరు. పోయాక ఆ తేడా చెరిగిపోతుంది. అందరికీ ఒకటే వాసన. కులం లేదు, ఊరు లేదు, దొర లేడు, కూలివాడు లేడు. మట్టి కింద నుంచి అది ఏళ్ళ తరబడి పైకి వస్తూనే ఉంటుంది. మన ముక్కుకు అందదు, అంతే. అందుకని గిడ్డయ్య పంచెతో పని లేదు. మనిషి అనే వాసన ఒకటి నేర్పితే చాలు.

కానీ మేకకూ మనిషికీ తేడా తెలియాలి. నీ ఊళ్ళో గొర్రెలు, ఎనుములు చచ్చి ఎన్ని చోట్ల పడి ఉంటాయో. తేడా నేర్పడానికి మనిషిదే ఏదైనా కావాలి. రాయడానికి సిగ్గుగా ఉంది. ప్రసూతి ఆసుపత్రి ఆయమ్మను బతిమాలి, కాన్పయ్యాక పడే మాయ ముక్క తెచ్చుకుంటున్నాను. దొర డ్యూటీ అయిపోయాక నేర్పుకోమన్నాడు.

పన్ను కూడా బాగా పనికొస్తుందట. ఊడిన పళ్ళు నువ్వు ఏమైనా దాచి ఉంటే పంపగలవా?

మహానంది


బేతంచెర్ల,
22 ఏప్రిల్ 1952

మహానందీ,

మద్దమ్మకు ఆడపిల్ల. నా చేతుల మీదనే పుట్టింది. కడుపుతో ఉండగా మూడో నెల నుంచి మద్దమ్మ సుద్ద తినేది. ఇంట్లో ముగ్గు కోసం పెట్టుకున్న సుద్దగడ్డలు తినేసింది, గోడ గీరి తినేది. తింటే బిడ్డ ఒంట్లో రక్తం ఉండదని ఉన్న సుద్దంతా పారబోసి, ఇంకోసారి ఇంట్లో కనపడితే చేతులు విరుస్తానన్నాను. ఎక్కడ తెచ్చుకుని తిన్నదో గానీ, బిడ్డ మాత్రం బొద్దుగా ఉంది.

పేరు పెట్టలేదు. తండ్రి పోయి ఉంటే తండ్రి పేరే పెట్టాలి, గిడ్డమ్మ అని. బతికున్నవాడి పేరు పెట్టకూడదు. ఇట్లాగే ఉంటే ఈ బిడ్డ "ఏయ్" అంటే పలికేట్టుంది. దానికి పేరు తెచ్చే బాధ్యత నీ కుక్క మీద ఉంది, దానికి చెప్పు.

మాయ సంగతి రాయడానికి సిగ్గెందుకురా? ఈ ఊళ్ళో మూడు తరాల మాయలు పూడ్చినదాన్ని నేను. కుండలో పెట్టి, పసుపు, వేపాకు వేసి, మూతకు మట్టి మెత్తి లోతుగా పూడుస్తాను. ఎక్కడ పూడ్చానో కన్నతల్లికి కూడా చెప్పను. గిట్టనివాళ్ళు తీస్తే బిడ్డకు చేటు. బిడ్డతో పాటు పుట్టి బిడ్డ కోసం చచ్చిపోయేది అదొక్కటే. దానితో నీ కుక్కకు చదువు చెబుతున్నావంటే నాకు నచ్చింది.

పళ్ళు మాత్రం ఇవ్వను. ఉన్నవి మూడు. అవి జొన్నరొట్టెకు కావాలి.

దేవేంద్రప్ప మీద తాసిల్దారుకు అర్జీ పెట్టాను. తూర్పు కుప్ప ఇప్పుడు రెండు నిలువులయింది. తూర్పు కుప్ప, గుర్తు పెట్టుకో.

భీమక్క

(ఇది వలి సాహెబ్ సొంతంగా రాస్తున్నది. ఆమెకు చదివి వినిపించను. భీమక్క రోజూ పొద్దు వాలేటప్పుడు ఆ కుప్ప దగ్గరికి పోయి కూర్చుంటుంది. లారీ వస్తే లేచి అడ్డం నిలబడుతుంది. డ్రైవరు హారన్ కొట్టడం మానేసి, ఆమె ఇంటికి పోయేదాకా బండి ఆపుకుని బీడీ కాలుస్తాడు. తొందరగా రా, బాబూ.)


మద్రాసు,
12 జూన్ 1952

అత్తా,

పేరు లేని నా కోడలికి దీవెనలు. ఇంతకాలం రాయకపోవడానికి కారణం, చూసింది ఎలా చెప్పాలో తెలియకపోవడమే.

మొదట చిల్లుల మూతలున్న రేకు డబ్బాలు వరసగా పెట్టాను. ఒకదానిలో మేక ఎముక, ఒకదానిలో చేప, ఒకదానిలో చచ్చిన ఎలుక, కొన్నిటిలో ఉత్త దూది. ఒక్కదానిలో మాత్రం మనిషిది. రీటా మేక ఎముక దగ్గర ఆగేది, ఆగదా మరి. నేను తిట్టను, కొట్టను, రాయిలా నిలబడతాను. మనిషి డబ్బాకు ముక్కు ఆనించిన మరుక్షణం దాని బంతి ఇస్తాను. పేలికలతో కుట్టిన బంతి. అన్నం కన్నా, నా కన్నా దానికి ఆ బంతి అంటే ప్రాణం. కొన్నాళ్ళకు మేక ఎముకను పక్కింటి చుట్టంలా దాటి పోవడం మొదలుపెట్టింది.

తరువాత మట్టిలో. జానెడు లోతు, మూరెడు లోతు, చివరికి మనిషి లోతు గుంట. పూడ్చి, పైన గడ్డి మొలిచేదాకా ఆగి అప్పుడు వదిలాము. రీటా గుంట మీదికి నేరుగా పోలేదు. పల్లం వైపు నుంచి వెతుక్కుంటూ వచ్చింది. వాసన కూడా నీళ్ళ మాదిరే అంటాడు లాజరు గారు. తిన్నగా పైకి రాదు, సందు ఎక్కడుంటే అక్కడికి పారుతుంది. చల్లటి పొద్దున నేలను అంటుకుని ఉంటుంది, ఎండెక్కితే ఎగిరిపోతుంది. గట్టి నేలైతే గడారితో చిల్లులు పొడిచి కాసేపు ఆగాలి. నేల ఊపిరి విడుస్తుంది. ఆ ఊపిరిని అది చదువుతుంది.

దొరికితే మొరగదు, తవ్వదు. పడుకుంటుంది. ముందుకాళ్ళ మధ్య ముక్కు పెట్టి, కళ్ళు మాత్రం నా వైపు ఎత్తి. మొదటిసారి అలా పడుకున్నప్పుడు నాకు తెలియకుండానే చెప్పులు విడిచాను.

అన్నిటికన్నా వింత ఒకటుంది. ఎక్కడ పూడ్చామో నాకు తెలిస్తే, రీటా నేలను వదిలి నన్ను చదువుతుంది. నా అడుగు నెమ్మదించినా, ఊపిరి మారినా పసిగట్టి, నన్ను మెప్పించడానికి అక్కడే పడుకుంటుంది. అందుకని పూడ్చేటప్పుడు నేను ఆ చుట్టుపక్కల ఉండను. తెలిసినవాడు కుక్క పక్కన ఉండకూడదు. ఇది కుక్కకు చెప్పే పాఠం కాదు, మనిషికి చెప్పే పాఠం అంటాడు లాజరు గారు.

దొర ఒప్పుకున్నాడు. ఆగస్టు నెలాఖరుకు రెండు రోజులు సెలవు. కర్నూలుకు కాగితం పోయింది. అక్కడి హెడ్ కానిస్టేబులు మాతో ఉంటాడు. మూడు మాటలు పాటించాలి. రీటాకు ఎవరూ తిండి పెట్టకూడదు. ఎవరూ పిలవకూడదు. నాకు ఏ కుప్ప అని ఎవరూ చెప్పకూడదు.

మహానంది


బేతంచెర్ల,
6 జూలై 1952

మహానందీ,

ఏ కుప్ప అని నీకు చెప్పకూడదా? నాలుగుసార్లు చెప్పాను. అంటే నా మాట మీద నీకు నమ్మకం లేదు. నేను కుక్క కన్నా తక్కువ. సరే.

మన గడప తొక్కిన దానికి ముద్దెడు సంగటి పెట్టొద్దంటావు. పిలవొద్దంటావు. చుట్టం ఇంటికొచ్చినట్టా, కోర్టు అమీనా జప్తుకు వచ్చినట్టా? ఆ కుక్క ఏమనుకుంటుంది మన ఇంటి గురించి?

వలి సాహెబ్ నీ ఉత్తరం వాళ్ళావిడ నన్నీ బీకి కూడా చదివి వినిపించాడు. వాసన నీళ్ళలా పారుతుందన్న చోట ఆమె పని ఆపి వచ్చి కూర్చుంది. "భీమక్కా, అల్లా ఎంత దొడ్డ పని ఎంత చిన్న ముక్కులో పెట్టినాడో సూడు" అంది. నేను కోపంలో ఉన్నాను కాబట్టి లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చాక మా వీధి కుక్కను కాసేపు చూస్తూ కూర్చున్నాను. అది నన్ను చూసి భయపడి పారిపోయింది.

రా. నేను దగ్గరుండి అంతా చూడాలి. నా కొడుకు బయటికి వచ్చేటప్పుడు నేను అక్కడ ఉండాలి. ఇందులో నీ మాట వినను.

భీమక్క


గుంతకల్లు స్టేషన్,
19 ఆగస్టు 1952

అత్తా,

మద్రాసు బండి కోసం కూర్చుని రాస్తున్నాను. రీటా నా కాలి మీద తల పెట్టి నిద్రపోతోంది.

దొర వేరే పని పడిందని మమ్మల్ని ముందుగానే పంపాడు. ముందే వస్తున్నామని రాసిన కార్డు నీకు అందే ఉండదు. మేము బండి దిగేసరికి నువ్వు కొండ అవతల పల్లెలో ఉన్నావు, బిడ్డ అడ్డం తిరిగిందని. మనిషిని పంపితే, "లోపల చెయ్యి పెట్టుకోనుండా, యాడికి రావాల, వాణ్ణి పని కానీమను" అన్నావట. ఊరంతా ఆ మాట చెప్పుకుంటోంది. సర్కారు సెలవు నీ కోసం ఆగలేదు. గిడ్డయ్య దొరికాడని నీకు ఈపాటికి తెలిసి ఉంటుంది. ఎలా దొరికాడో నేనే చెప్పాలి.

మొదట నీ ఇంటికి పోయాము. రీటాకు నీళ్ళు పెట్టాలని పెరట్లో తాడు విప్పాను. అది నీళ్ళు తాగలేదు. తల ఎత్తింది. రోలు వెనక్కి పోయింది. గోడ వారన ఒక తిరుగు తిరిగి, పడుకుంది. ముందుకాళ్ళ మధ్య ముక్కు పెట్టి నన్ను చూసింది.

వాకిట్లో సగం ఊరు ఉంది. మద్దమ్మ బిడ్డను ఎత్తుకుని గడపలో ఉంది. నాకు ఆ క్షణంలో రెండు ఆలోచనలు వచ్చాయి. ఒకటి, రీటా తప్పింది అని. రెండోది రాయను.

దేవేంద్రప్ప ముందుకొచ్చాడు. "ఏమప్పా మద్రాసు పోలీసూ, నీ కుక్క శానా తెలివైందే. ఆయమ్మ నా మీద అర్జీ పెట్టె. ఇది ఆయమ్మ ఇల్లే సూపిచ్చె" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. లే అని రీటాకు సైగ చేశాను. లేవలేదు. హెడ్ కానిస్టేబులు శేషన్న గారు గడారి తెప్పించాడు.

కుండ బయటపడింది. మూతకు మెత్తిన మట్టి గట్టిగా ఉంది. శేషన్న గారు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటే, నన్నీ బీ జనాన్ని తోసుకుని వచ్చింది. పసుపు, వేపాకు చూసి నెత్తి కొట్టుకుంది. "ఒరే పిచ్చోళ్ళారా, ఇది మాయకుండ. ఈ పాప మాయ. మీరందురూ ఇట్లా పుట్టినోళ్ళే గదరా, ఒక్కనికీ తెలీదే" అంది. ఆడవాళ్ళు ముందు నవ్వారు, తరువాత మగవాళ్ళు. శేషన్న గారు దేవేంద్రప్ప వైపు తిరిగి, "మూడు మూరల కింద మూత పెట్టిన కుండలో మనిషిది ఉంటే పట్టింది. ఇంగ నీకేమన్నా అనుమానం ఉండాదా?" అన్నాడు. దేవేంద్రప్ప వీధి వైపు తిరిగాడు. "పాండి గనికి" అన్నాడు.

రీటాకు బంతి ఇచ్చాను. నేను దాన్ని నమ్మలేదు. అది నన్ను నమ్మి లేవకుండా పడుకుంది.

గనిలో తూర్పు కుప్ప నుంచి మొదలుపెట్టాము. నువ్వు నాలుగుసార్లు చెప్పిన కుప్ప. లాజరు గారు చెప్పిన ఆ తెలిసినవాడి జబ్బు నాకూ పట్టుకుంది. అక్కడ నా అడుగు నెమ్మదించింది. రీటాను మళ్ళీ తిప్పాను, మూడోసారి కూడా తిప్పాను. అది నా మొహం చూసింది, కుప్పను చూసింది, ఒక రాయి మీద ఉచ్చ పోసి ముందుకు పోయింది. అప్పుడు తాడు పూర్తిగా వదిలేశాను. నాకు ఏమీ తెలియదు అని నాలో నేను చెప్పుకున్నాను.

గాలి పడమర నుంచి వస్తోంది. రీటా ఆగి, గాలిని తాగినట్టు నోరు తెరిచింది. పాత గని వైపు మళ్ళింది. "ఆడేముండాది? మా తాత కాలం గని, ఎవురూ పోరు" అన్నాడు దేవేంద్రప్ప. అత్తా, అబద్ధమాడే మొహాలు నేను శానా చూశాను. అది ఆ మొహం కాదు. ఆయనకు నిజంగా తెలియదు.

పాత గనిలో ఒక వారన రాతి పొర విరిగి, పెద్ద పెద్ద పలకలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రీటా వాటి చుట్టూ తిరిగింది. పలకల సందులో ముక్కు పెట్టింది. తీసింది. ఇంకో సందులో పెట్టింది. గడారులతో సందులు పెద్దవి చేయించి, అందరినీ దూరం పొమ్మని ఆగాము. గనిలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదని కూలీలు అన్నారు. మళ్ళీ వదిలాను. ఈసారి తిరగలేదు. నడుచుకుంటూ పోయి ఒక పలక పక్కన పడుకుంది. కూలీలు ఒక్కొక్కరే తలగుడ్డలు తీశారు. దేవేంద్రప్ప కూడా తీశాడు.

పలకలు ఎత్తడానికి పొద్దు వాలేదాకా పట్టింది. మొలతాడు, నన్నీ బీ దర్గా నుంచి తెచ్చి కట్టిన రాగి తాయెత్తు చూసి గుర్తుపట్టాము.

అక్కడ నాకు చేతులాడలేదు. రీటా తన బంతి కోసం చూస్తోంది. ఇవ్వకపోతే అది చేసిన పని తప్పు అనుకుంటుంది. మనిషి ఎముకల ముందర కుక్కతో ఆడుకోవడం ఎలా? నా చేతిలో బంతి చూసి మద్దమ్మ దగ్గరికి వచ్చింది. "దాని కూలి దానికియ్యన్నా" అంది. నేను కదలలేకపోతే ఆమే నా చేతిలోది తీసుకుని నేల మీద దొర్లించింది. రీటా బంతి నోట కరుచుకుని ఆమె చుట్టూ తోక ఊపుతూ తిరిగింది.

గిడ్డయ్య పక్కన తువ్వాలు మూట ఉంది. శేషన్న గారు విప్పాడు. సుద్దగడ్డలు. తెల్లటివి, పిడికెడంత. ఆ పాత గని పొరల మధ్య దొరుకుతాయట. మద్దమ్మ కూర్చుండిపోయింది. "నేనే అడిగినా" అంది. మందు పేల్చే వేళకు అందరూ తప్పుకుంటే, ఆ కాస్త తీరికలో వాడు పెళ్ళాం కోసం సుద్ద గీరడానికి ఇటు వచ్చాడు. మందు అదురుకు పైనున్న పొర విరిగింది. ఆ చప్పుడు ఈ చప్పుడులో కలిసిపోయింది.

బండి వస్తోంది. రీటా చెవులు లేపింది.

మహానంది


బేతంచెర్ల,
10 సెప్టెంబర్ 1952

మహానందీ,

నా పెరట్లో మాయకుండ తవ్వింది ఎవరని అడిగి అడిగి అందరినీ తిట్టి అయింది. నువ్వే మిగిలావు. నిన్ను ఎదురుగానే తిడతాను. కుండను మళ్ళీ పూడ్చాను. ఎక్కడో చెప్పను. నీ కుక్కకు కూడా చెప్పవద్దు.

ఆ పల్లెలో బిడ్డ బతికింది, తల్లీ బతికింది. తెల్లారి ఇంటికి వస్తుంటే జనం దారిలో లేచి నిలబడ్డారు. అప్పుడే తెలిసింది నాకు.

నీ ఉత్తరం వలి సాహెబ్ సగందాకా చదివి కాగితం మడిచాడు. మిగిలింది నన్నీ బీకి చెప్పి ఆమెతో నాకు చెప్పించాడు. తెలిసినవాడు పక్కన ఉండకూడదని నువ్వు రాసినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నేను ఆ రోజు ఊళ్ళో ఉంటే, రోలు వెనక రీటా పడుకోగానే ఇది మాయకుండ అని నేనే అరిచేదాన్ని. నేనే సైగ చేశానని అనేవాళ్ళు. గనిలో ఉంటే తూర్పు కుప్ప కాడ మీ ఇద్దరినీ రెక్క పట్టుకుని ఆపేదాన్ని. అక్కడే ఇంకా తవ్వుతూ ఉండేవాళ్ళం.

అర్జీ వెనక్కి తీసుకున్నాను. దేవేంద్రప్పను పాత గని కాడికి రమ్మన్నాను. కూలీలందరి ముందర "గిడ్డయ్య యాడికీ పారిపోల్యా, నేను తప్పు మాట అన్నా" అన్నాడు. నేను కూడా, "నువ్వు నా కొడుకును కప్పిపెట్టల్యా, నేనూ తప్పు మాట అన్నా" అన్నాను. దేవేంద్రప్ప ఆ తాయెత్తు తాడు దొరికిన చోట ఒక మంచి పలక నిలబెట్టించాడు. నేను అడగలేదు.

దినం చేశాను. కొర్రన్నం, ఊరిబిండి పచ్చడి, వాడికి ఇష్టమైనవన్నీ పెట్టాను. ఆకు పక్కన వాడి మూటలోని ఒక సుద్దగడ్డ పెట్టాను. మిగిలినవి మద్దమ్మ చేతికిచ్చి తినమన్నాను. ఆ పిల్ల నా వైపు చూసి, ఒకటి తీసుకుని కొరికింది. ఏడుస్తూ తినింది. మారుమనువు సంగతి ఇంక ఆమె ఇష్టం. పెద్దలు ఇప్పుడు నోరు మెదపరు.

బిడ్డకు గిడ్డమ్మ అని పేరు పెట్టాము. పిలిస్తే తల తిప్పి చూస్తుంది, తండ్రి మాదిరే ఎడమ వైపుకు.

కాకులకు పెట్టే ముద్దల్లో ఒకటి విడిగా తీసి రోలు వెనక, రీటమ్మ పడుకున్న చోట పెట్టాను. వీధి కుక్క వచ్చి తినింది. ఈసారి నన్ను చూసి పారిపోలేదు.

ఇంతమంది చూశారు గానీ నేను మాత్రం ఆ కుక్కను చూడలేదు. అది కూడా నన్ను చూడలేదు. నాకు అదొక్కటే లోటుగా ఉంది. అందుకని ఈ కాగితంలో చుట్టి ఒకటి పంపుతున్నాను. రొట్టె కొరుకుతుంటే ఊడింది. ఇంక రెండే మిగిలాయి, అవి కూడా ఊడితే పంపుతాను. ముసలిదయ్యాక రీటమ్మ పోతే, ఇంకో కుక్కకు నేర్పుకోవడానికి ఉంటాయి. ఇంకెవరి కొడుకో, ఇంకెక్కడో ఉంటాడు గదా. పన్ను కడగలేదు. నువ్వు చెప్పకపోయినా ఈసారి నాకు తెలుసు.

మేక ఎముక, చేప, ఎలుక, ఏవేవో పెట్టే ఆ రేకు డబ్బాల వరసలో నన్ను కూడా ఒక డబ్బాలో పెట్టు. ఏ డబ్బాలో పెట్టావో నువ్వు చూడవద్దు, లాజరు గారితో పెట్టించు. రీటమ్మ నా ముందర పడుకుందో లేదో నాకు రాయి.

భీమక్క